తిమింగిలానికి రూపాయి బిళ్ళ

పదో తరగతి సోషల్ పరీక్షలో పసిఫిక్ మహాసముద్రాన్ని పటంలో గుర్తించమన్నారు. గుర్తించాను. మా మేష్టారు ఆ పటం పట్టుకుని క్లాసంతా తిరిగి, "చూడండర్రా, మన సత్తిబాబు దయవల్ల నాగపూరు వాళ్ళకి ఇక చేపలకి లోటు లేదు" అన్నారు. మరుసటేడు మళ్ళీ రాశాను. ఈసారి సముద్రం సముద్రంలోనే పెట్టాను గానీ లెక్కల్లో మునిగిపోయాను. మూడో ఏడు బడికి వెళ్ళకుండా రావులపాలెం సెంటర్లో మా బాబాయి టిఫిన్ హోటల్లో దోసెల పెనం ముందు నిలబడ్డాను.

అలాంటి నేను ఈమధ్య ఆ పసిఫిక్ నడిమధ్యకి వెళ్ళి, అందులో తల ముంచి మరీ వచ్చాను. వెళ్ళనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఏ టికెట్టు చవక, ఏ కారు అద్దెకి తీసుకోవాలి అన్నవి మాత్రం నన్నడగొద్దు. అవన్నీ చదువుకున్నవాళ్ళు చూసుకున్నారు. నేను సామాన్లు మోశాను.

ప్లేనో: హాలా, తిమింగిలమా?

మేముండేది టెక్సస్‌లోని ప్లేనోలో. మా ఆవిడ లలిత సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ఆమె హెచ్-వన్ వీసా మీద అమెరికా వచ్చింది, నేను ఆమె కొంగు పట్టుకుని, మొగుడి కోటా హెచ్-ఫోర్ మీద వచ్చాను. ఇంజనీరుకీ పదో తరగతి తప్పినవాడికీ పెళ్ళెలా కుదిరిందని ఇక్కడి పార్టీల్లో కొత్తగా పరిచయమైనవాళ్ళు మొహమాటపడుతూ అడుగుతుంటారు. మేనరికం సార్! లలిత మా మేనత్త మాణిక్యం కూతురు. మా అత్తకి అల్లుణ్ణి ఎంచుకునే అవకాశం వచ్చింది గానీ మేనల్లుణ్ణి ఎంచుకునే అవకాశం రాలేదు. రెంటికీ నేనే దొరికాను. పని చేసుకునే పర్మిట్ వచ్చాక, ఇప్పుడు ఇండియన్ షాపుల వరసలో ఒక టిఫిన్ సెంటర్‌లో దోసెల మాస్టర్ని.

మా అమ్మాయి జాహ్నవికి పన్నెండు నిండబోతున్నాయి. ప్లేనోలో పిల్లకి పన్నెండు నిండితే హాలు బుక్ చేయాలి, డీజేని పిలవాలి, బెలూన్లతో కమాను కట్టాలి. వచ్చినవాళ్ళు మన పిల్లకి అక్కర్లేని గిఫ్టు తెస్తే, మనం వాళ్ళ పిల్లకి అక్కర్లేని రిటర్న్ గిఫ్టు ఇచ్చి పంపాలి. ఏ హాల్లో సమోసాలు వేడిగా ఉంటాయో లలిత వాకబు మొదలుపెట్టేసింది కూడా.

"నాకు హాల్ వద్దు," అంది జానూ. "హంప్‌బ్యాక్ వేల్ పాట వినాలి. లైవ్‌లో. అదే నా బర్త్‌డే."

పిల్ల స్కూలు ఆర్కెస్ట్రాలో వయొలిన్ కంటే కాస్త పెద్దదైన వయోలా వాయిస్తుంది. రెండేళ్ళుగా రాత్రిళ్ళు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ తిమింగిలాల పాటలే వింటోంది. ఆరు నెలలుండి వెళ్దామని కొవ్వూరు నుంచి వచ్చిన మా అత్త అంతా విని, "పాట కోసం సముద్రం దాకా ఎందుకే, నేను పాడనా?" అంది. ఆ మాట విన్నాక హవాయి ప్రయాణం ఖాయమైపోయింది.

పిల్ల నాకొక షరతు పెట్టింది. "నాన్నా, బోట్‌లో వాళ్ళు ఇంజన్ ఆఫ్ చేస్తారు. అప్పుడు సైలెంట్‌గా ఉండాలి. నువ్వు నో జోక్స్. నో మాటలు. ప్రామిస్ చెయ్."

"ప్రామిస్."

"ఇది జోక్ కాదు కదా?"

ఆ ప్రశ్న అడిగేటప్పుడు పిల్ల ముఖం చూశాను. స్కూల్ కచేరీలో ముందు వరసలో కూర్చుని, వయోలా మొదలయ్యే క్షణానికి నేను వేసిన జోకుకి హాలంతా నవ్విన సంగతి అది మర్చిపోలేదు. తల మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను. నా తల మీదే లెండి, అందులో పోయేదేమీ లేదు.

హొనొలులు: కోనసీమకి కొబ్బరికాయ

మాతోపాటు కిరణ్ వచ్చాడు. లలిత ఆఫీసులోనే పని, వరంగల్ మనిషి. భార్యాపిల్లలు ఇండియా వెళితే ఇంట్లో ఒక్కడూ ఉండలేక తోడొచ్చాడు. అమెరికాలోంచి అమెరికాలోకే వెళ్తున్నా సరే, పాస్‌పోర్టు, వీసా అప్రూవల్ కాగితాలు, జీతం రసీదులు అన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టి గుండెకి హత్తుకున్నాడు.

"సముద్రం నడుమ ఎవడన్న ఆపి అడిగితే ఎట్లన్నా?" అన్నాడు.

"సముద్రం నడుమ ఆపేది సొరచేప ఒక్కటే కిరణ్. దానికి స్టేటస్‌తో పనిలేదు, హెచ్-వన్నూ హెచ్-ఫోరూ ఒకటే రుచి."

మా పెట్టెల్లో రైస్ కుక్కర్, ఆవకాయ, పులిహోర పులుసు, సున్నుండలు ఉన్నాయి. బట్టలు కూడా కొన్ని ఉన్నాయి. హొనొలులులో దిగగానే, తెచ్చిన పళ్ళూ మొక్కలూ గింజలూ చూపించమన్నారు. మా అత్త చేతిసంచీ లోంచి పిలక తీయని కొబ్బరికాయ బయటపడింది. పడవ ఎక్కే ముందు కొట్టడానికని ప్లేనోలో కొని, చీరల మధ్య దాచి తెచ్చిందట.

బల్ల వెనక ఉన్న పెద్దమనిషి కాయని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. తలెత్తి కిటికీ బయటికి చూశాడు. బయట ఎక్కడ చూసినా కొబ్బరిచెట్లే. మళ్ళీ మా అత్తని చూశాడు.

"అమ్మా," అన్నాడు ఎంతో మర్యాదగా, "మీరు కొబ్బరికాయని హవాయికి తెచ్చారా?"

లలిత తెలుగులో చెప్పింది. మా అత్త తడుముకోలేదు. "వాళ్ళ చెట్టు కాయ వాళ్ళ సముద్రానికే ఇస్తే అందులో మన గొప్పేముందని చెప్పవే."

ఆయన ఎంత నవ్వినా కాయ మాత్రం తిరిగివ్వలేదు. మా అత్త ఆ వేళంతా దిగులుగా ఉంది. "వట్టి చేతుల్తో సముద్రం మీదకి వెళ్ళటం మంచిది కాదురా సత్తీ" అని రెండుసార్లు అంది. నేను నవ్వేశాను. అప్పుడు నవ్వకుండా చెవిన పెట్టి ఉంటే ఈ కథనం సగానికి సగం తగ్గేది.

చిన్న విమానం: తూకం

మొలొకాయి ద్వీపానికి వెళ్ళే విమానం మన పెళ్ళిబస్సు కంటే చిన్నది. అందులో ఎవరెక్కడ కూర్చోవాలో బరువు చూసి చెప్తారు. అందుకని చేతిసంచీతో సహా మనిషిని త్రాసు మీద నిలబెడతారు. అమెరికాలో ఒకరి జీతం, ఒకరి బరువు మరొకరికి తెలియవని విన్నాను. ఇక్కడ రెండోది తెలిసిపోయింది. లలిత నా అంకె చూసింది. "బావా, దోసెలు పోస్తావనుకున్నాను. తింటావన్నమాట" అంది. నన్ను ఒక్కణ్ణే తోక దగ్గర కూర్చోబెట్టారు.

కిందికి చూస్తే నీలం నీళ్ళ మీద అక్కడక్కడ తెల్లటి నురగ లేచి మాయమవుతోంది. "వేల్స్!" అని జానూ అద్దానికి ముక్కు ఆనించింది. అవి మామూలు అలలో, తిమింగిలాలో నాకు తెలియలేదు. పిల్ల కేకకి మాత్రం ముందు కూర్చున్న పైలట్ కూడా వెనక్కి తిరిగి నవ్వాడు. ముందుకి చూడవయ్యా బాబూ అనబోయి ప్రమాణం గుర్తొచ్చి ఆగాను. పడవ ఇంకా ఎక్కకపోయినా ప్రాక్టీసు ఉంటే మంచిదేగా!

ములగచెట్టు ఇల్లు

ఈ ద్వీపంలో ట్రాఫిక్ లైటు ఒక్కటి కూడా లేదు. కొబ్బరిచెట్టుని మించిన మేడ లేదు. కోళ్ళు రోడ్డు దాటుతుంటే కార్లు ఆగుతాయి. తెల్లారిందో లేదో సంబంధం లేకుండా పుంజులు రోజంతా కూస్తూనే ఉంటాయి. కిరణ్ ఫోను పైకెత్తి నాలుగు దిక్కులా తిరిగాడు. "గిదేం ఐలాండ్ అన్నా, సిగ్నల్ లేదు, ఇండియన్ స్టోర్ లేదు, గింత ఖర్చు పెట్టి వస్తే వర్త్ ఇట్టేనా?" అన్నాడు. ప్లేనోవాడు తిమింగిలం కంటే ముందు వెతికేది వర్త్‌నే.

మేం దిగిన ఇల్లు అంకుల్ కిమోది. తాతల నుంచీ ఈ ద్వీపంవాడే. పడవ నడుపుతాడు, తిమింగిలాలు చూపిస్తాడు. ఆయన భార్య ఆంటీ నెనా ఫిలిప్పీన్స్ మూలాల మనిషి. వాళ్ళ పెరట్లో మాకు రెండు గదులిచ్చారు. గుమ్మం ముందే "చెప్పులు బయట" అంది నెనా. ప్లేనోలో మా ఇంటికొచ్చే అమెరికావాళ్ళకి ఈ మాట చెప్పడానికి మేం సిగ్గుపడి చస్తాం. ఇక్కడ ఒకావిడ మాకే చెప్పేసరికి మా అత్త పొంగిపోయింది. పైగా ఈ ఊళ్ళో పెద్దవాళ్ళందరినీ పిల్లలు ఆంటీ, అంకుల్ అనే పిలుస్తారు, చుట్టరికం ఉన్నా లేకపోయినా. "ఇట్స్ లైక్ అవర్ పీపుల్," అంది జానూ, మా వాళ్ళని మొదటిసారి మెచ్చుకుంటూ.

పెరట్లో ఒక చెట్టు చూసి నా కాళ్ళు ఆగిపోయాయి. ములగచెట్టు! ఈ మొలొకాయి పేరు పలకలేక మా అత్త మొదట్నించీ "ములక్కాయ ద్వీపం" అంటోంది. తీరా వస్తే నిజంగానే కాయలు వేలాడుతున్నాయి. నెనా వాళ్ళు ఆకు తింటారట, కాయల జోలికి పెద్దగా పోరట. ప్లేనో షాపులో నాలుగు ఎండు కాయలకి మేం పెట్టే డబ్బు చెబితే ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. ఇక్కడ ములక్కాయలు ఊరికే రాలిపోతున్నాయి, పాల డబ్బా మాత్రం మా ఊరి ధరకి రెట్టింపు పైనే. దేవుడికి సరుకులు ఎక్కడ దింపాలో తెలియదనిపించింది.

ఆ సాయంత్రం వాళ్ళు మాకు పోయ్ పెట్టారు. చామదుంపని ఉడకబెట్టి, మెత్తగా నూరి, కొంచెం పులవనిచ్చిన ఊదారంగు ముద్ద. చామదుంపకి వేపుడు తప్ప వేరే జన్మ ఉందని నాకు తెలియదు. మొదటి ముద్దకి కిరణ్ కళ్ళు మూసుకున్నాడు. మా అత్త సంచీలోంచి ఆవకాయ తీసి కలుపుకుని, రెండో ముద్ద తిని, "గంజికి అన్నయ్యలా ఉంది" అంది. కిమో ఆ ఆవకాయ అడిగి తీసుకుని, కళ్ళనీళ్ళు కారుతుంటే తుడుచుకుంటూ తిన్నాడు. ఆ మనిషి మీద నాకు అప్పుడే గౌరవం కలిగింది.

పడవ మీద మౌనవ్రతం

మర్నాడు పొద్దున్నే పడవ. మేం తప్ప వేరే ఎవరూ లేరు. బయలుదేరే ముందు కిమో పడవ ముందుభాగాన నిలబడి, వాళ్ళ భాషలో సముద్రం వైపు చూస్తూ గంభీరంగా ఏదో చదివాడు. "సంకల్పం చెప్తున్నాడ్రా" అని మా అత్త చేతులు జోడించింది.

తర్వాత కిమో తన నియమాలు చెప్పాడు. సముద్రంలోంచి ఏదీ తియ్యకూడదు. సముద్రంలో ఏదీ వెయ్యకూడదు. ఇంజన్ ఆగితే నోళ్ళు ఆగాలి. ఏది తప్పినా పడవ వెనక్కి తిరుగుతుంది, మళ్ళీ మాటల్లేవు.

లలిత అప్పటికే వాంతి వస్తుందేమోనని కళ్ళు మూసుకుని కూర్చుంది. కాబట్టి ఆ నియమాలు మా అత్తకి తెలుగులో చెప్పాల్సిన పని నాది. కానీ పడవెక్కగానే ప్రమాణం మొదలైనట్టేనని జానూ తీర్పు. నోరు తెరవబోయాను, వేలు చూపించింది, మూసేశాను. జీవితంలో నేను నోరు మూసుకున్న ఒకే ఒక్క రోజున ఏమైందో చూడండి.

ఒడ్డు కనుచూపు మేర వెనక్కి వెళ్ళాక, దూరంగా నీళ్ళు పగిలి ఒక నల్లటి కొండ గాలిలోకి లేచింది. ఒళ్ళు తిప్పుకుని, రెండు రెక్కలు చాపి, వెల్లకిలా పడింది. ఆ చప్పుడు మా దాకా రావడానికి కాస్త సమయం పట్టింది. కిరణ్ "వామ్మో" అన్నాడు. నాకు నాలుగు జోకులు ఒకేసారి వచ్చాయి. నాలుగూ గొంతులో ఇరుక్కుని దగ్గు తెప్పించాయి. జానూ ఆ దగ్గుని కూడా అనుమానంగానే చూసింది.

కిమో దూరం పాటించి ఇంజన్ ఆపాడు. తీగకి కట్టిన మైకుని నీళ్ళలోకి జారవిడిచాడు. జానూ హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. మాకు చిన్న స్పీకర్ పెట్టాడు. మొదట చిటపటమని శబ్దం. అవి అడుగున ఉండే ఒక రకం రొయ్యలట. అచ్చం నూనెలో ఆవాలు పేలినట్టే ఉంది. నేనైతే వెంటనే కరివేపాకు వేసేవాణ్ణి. కిమో వేలు పైకెత్తి, ఆగండి, వస్తోంది అన్నట్టు సైగ చేశాడు. జానూ ఊపిరి బిగపట్టింది.

టుబుక్!

హెడ్‌ఫోన్స్‌లో అది పిడుగులా వినపడి ఉంటుంది. పిల్ల ఉలిక్కిపడి వాటిని లాగేసింది. పడవ అంచు దగ్గర మా అత్త కళ్ళు మూసుకుని, రెండు చేతులూ జోడించి ఉంది. ఒళ్ళో ముడి విప్పిన చేతిరుమాలు. నాకు తెలిసిపోయింది. కొవ్వూరు వంతెన మీద రైలు గోదావరి దాటుతుంటే కిటికీలోంచి రూపాయి బిళ్ళ వెయ్యని మనిషిని మా వైపు మీరు చూడలేరు. అత్త చేతిరుమాలులో బిళ్ళలు లేని రోజు నేను చూడలేదు.

"ఎవరు వేశారు?" అన్నాడు కిమో. కోపంగా అనలేదు. అందుకే భయమేసింది.

అప్పుడొక విచిత్రం జరిగింది. లలిత కళ్ళు తెరిచి నా వైపు చూసింది. కిరణ్ నా వైపు చూశాడు. జానూ నా వైపే చూసింది. అడిగింది అర్థం కాకపోయినా, అందరూ చూస్తున్నారు కదా అని మా అత్త కూడా నా వైపే చూసింది!

ముసలావిడని ఆ మనిషి ముందు నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. పైగా ఓటింగు అప్పటికే అయిపోయింది.

"నేనే," అన్నాను.

ఎవ్వరూ ఆశ్చర్యపోలేదు. కిమో మైకు పైకి లాగి ఇంజన్ వేశాడు. జానూ హెడ్‌ఫోన్స్ తీగ జాగ్రత్తగా చుట్టి పక్కన పెట్టింది. "యూ ప్రామిస్డ్," అంది. అరిచి ఉంటే బాగుండేది.

గాలి రోజు

ఆ రోజు మిగిలిన భాగం, మర్నాడు కూడా జానూకి నాతో మాటల్లేవు. అన్నీ వాళ్ళ అమ్మమ్మ ద్వారానే. "అమ్మమ్మా, నాన్నకి చెప్పు, ఫోన్ చార్జర్ ఇవ్వమని." నేను ఎదురుగానే ఉన్నాను. "ఒరేయ్, చార్జరిమ్మంటోందిరా," అని మా అత్త నాకు తర్జుమా చేసేది. రెండో రోజు గాలి విపరీతంగా వీచి పడవలే కదల్లేదు. మూడో రోజు మధ్యాహ్నం మా విమానం. పిల్ల మంచం మీద పడుకుని ఇంటి కప్పు చూస్తోంది. పాట వినకుండా వెళ్ళిపోతామని దానికి అర్థమైపోయింది.

"ఏం చేస్తం అన్నా," అన్నాడు కిరణ్, ఓదార్చడానికి. "యూట్యూబ్‌ల మంచి క్వాలిటీ ఉంటది." ఆ మాట పిల్ల చెవిన పడకుండా తలుపేశాను.

వంటింట్లో నిలబడి ములగాకు దూస్తున్నాను, పప్పులోకి. కిటికీ అవతల చెట్టు కింద కిమో వల బాగుచేసుకుంటున్నాడు. మా అత్త ఒక చేత్తో సున్నుండల డబ్బా, ఇంకో చేత్తో జానూని పట్టుకుని అటే నడిచింది. నేను బయటికి రాబోతే వెనక్కి తిరక్కుండానే, "నువ్వు రాకురా సత్తీ. నువ్వొస్తే నవ్వులాటైపోతుంది," అంది.

"అన్నయ్యగారూ," అని మొదలుపెట్టింది.

"అమ్మమ్మ మిమ్మల్ని బ్రదర్ అంటోంది," అని చెప్పింది జానూ ఇంగ్లీషులో. కిమో వల పక్కన పెట్టాడు.

"ఆ బిళ్ళ వేసింది నేను. మావాడు కాదు. వాడు చెయ్యని వెధవపని లేదు గానీ ఇదొక్కటి మాత్రం వాడిది కాదు. చెప్పవే."

జానూ చెప్పలేదు. కిటికీ వైపు తిరిగి చూసింది. నేను చటుక్కున ములగాకులో తలదూర్చాను.

"అమ్మమ్మా, రియల్లీ? నువ్వా?"

"ముందు ఆయనకి చెప్పవే తల్లీ!"

చెప్పింది. వెధవపనికి ఇంగ్లీషు వెతుక్కుని మరీ చెప్పింది. కిమో నవ్వాపుకుని, ఎందుకు వేశారని అడిగాడు.

"మా గోదారి దాటేటప్పుడు వేస్తామండీ. నీళ్ళ దగ్గరికి వట్టి చేతుల్తో వెళ్ళం. నా కాయేమో అక్కడ లాక్కున్నారు. మీరు పెట్టిన రూలు నాకు తెలీదు. బిళ్ళ వేసి ఒక కోరిక కోరుకున్నాను."

"ఏం కోరుకున్నారు?"

"ఇంకేం కోరతాను? ఈ పిల్లకి ఆ పాట వినపడాలని."

జానూ ఈ ముక్కని ఇంగ్లీషులోకి మార్చడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో రెండుసార్లు ఆగి ముక్కు తుడుచుకుంది. కిమో వింటూ వింటూ డబ్బా మూత తీసి ఒక సున్నుండ నోట్లో వేసుకున్నాడు. సున్నుండ నోట్లో ఉంటే ఎవరైనా మౌనంగానే ఉండాలి కాబట్టి కాసేపు నిశ్శబ్దం.

తర్వాత అన్నాడు. "మేమూ వట్టి చేతులతో వెళ్ళం అమ్మా. కానీ సముద్రం అరిగించుకోగలిగింది ఇస్తాం. ఆకు, పువ్వు. లేకపోతే గొంతు. రేపు పొద్దున గాలి తగ్గుతుంది. మీకు పాడటం వచ్చా?"

ప్లేనోలో పాడనా పాడనా అని మీదపడ్డ మనిషి ఇప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, నేనా?" అంది.

పడమటి ఒడ్డు

మర్నాడు నిజంగానే గాలి తగ్గింది. పెద్ద పడవ వేరేవాళ్ళకి మాటిచ్చేశాడు కిమో. అందుకని తన సొంత చిన్న పడవ తీశాడు. అందులో ఆయనతో పాటు మరో ముగ్గురికే చోటు. మా అత్త, జానూ, ఈసారి నియమాలు తెలుగులో చెప్పడానికి లలిత. పడవలో కాలుపెట్టబోతూ జానూ నా దగ్గరికొచ్చింది.

"నాన్నా, నువ్వు కూడా రా. నువ్వు మాట్లాడినా పర్లేదు."

"చోటు లేదమ్మా. నన్ను తూచినప్పుడు చూశావుగా."

నవ్వలేదు గానీ నా చొక్కా చివర పట్టుకుని ఒకసారి గట్టిగా లాగి వదిలింది. పడవ కదిలింది. మా అత్త గొంతు ఒడ్డు దాకా వినిపించింది, మా ఇళ్ళల్లో పిల్లల్ని ఉయ్యాల్లో వేసి పాడే లాలి. ఆ శ్రుతికి తిమింగిలాలు జపాను దాకా వెళ్ళిపోతాయేమోనని నా భయం నాది.

నెనా నన్నూ కిరణ్‌నీ తన ట్రక్కులో ద్వీపం పడమటి వైపుకి తీసుకెళ్ళింది. అలలు లేని చిన్న వంపు, మనిషన్నవాడు లేడు. "నడుం లోతు దాకా వెళ్ళి తల ముంచు" అంది.

"అన్నా, నీకు ఈత రాదు గదా!" అన్నాడు కిరణ్.

"నడుం లోతులో మునిగేవాడికి ఈత వచ్చినా లాభం లేదు" అని ప్యాంటుతోనే దిగాను. ముక్కు మూసుకుని తల ముంచాను.

మొదట ఆవాలు. తర్వాత, ఆ చిటపటకి చాలా వెనకాల, ఎంత దూరంలోనో తెలియదు, పప్పు ఎండిపోయిన గ్రైండర్ తిరిగినట్టు ఒక మూలుగు. అది సన్నబడి, పైకి పాకి, పసిపిల్ల నిద్రలో పిలిచినట్టు అయింది. ఆగింది. మళ్ళీ కిందనుంచి మొదలైంది. చెవులతో విన్నట్టు లేదు. పక్కటెముకల్లోంచి వచ్చినట్టుంది. ఊపిరాడక లేచి, గాలి పీల్చి, మళ్ళీ ముంచాను. మళ్ళీ లేచాను, మళ్ళీ ముంచాను. అక్కడెక్కడో మా పిల్లకి కూడా ఇది వినపడుతుండాలని, చేతిలో బిళ్ళ లేకుండానే కోరుకున్నాను.

"ఏమినవడ్డదన్నా?" అని కిరణ్ ఒడ్డునుంచి అరిచాడు. "చెప్పు! వర్త్ ఇట్టేనా?"

నాకు మాట రాలేదు. నన్నెరిగినవాళ్ళు ఇది చదువుతుంటే ఆ వాక్యం ఇంకోసారి చదువుకోండి. నేను చెప్పకపోయేసరికి కిరణ్ ఫోల్డరు నెనా చేతికిచ్చి, బూట్లు విప్పి తనే దిగాడు. కాసేపటికి ఇద్దరు మగాళ్ళం, ముక్కులు మూసుకుని, లేస్తూ మునుగుతూ ఉన్నాం. నెనా మాకు ఫోటో తీసింది. ఎవరికీ చూపించనని మాటిచ్చింది గానీ ఆవిడ ముఖంలో నాకు నమ్మకం కనపడలేదు.

రేవు దగ్గర పడవ దిగిన జానూని చూడగానే అడగక్కర్లేకపోయింది. కళ్ళు ఎర్రగా, ముఖం వెలిగిపోతూ ఉంది. "విన్నాను నాన్నా. అమ్మమ్మ పాడింది. ఆపింది. కాసేపు నథింగ్. దెన్ అది స్టార్ట్ చేసింది." చెయ్యి తన గుండె మీద పెట్టుకుంది. "ఇక్కడ వినపడింది."

మా అత్త ఏమీ జరగనట్టు కొంగు దులుపుకుంటోంది. ఇకముందు జీవితాంతం ఆవిడ పాటని ఎవరూ ఏమీ అనడానికి వీల్లేదన్నమాట.

విమానం దగ్గర మళ్ళీ తూకానికి నిలబడినప్పుడు జానూ మెల్లిగా అడిగింది. "నువ్వెందుకు నేనే అన్నావు?"

"అందరూ నా వైపే చూశారమ్మా. అంతమంది ఆశపడ్డాక కాదనడం మర్యాద కాదని."

మళ్ళీ ప్లేనో

హాలు లేకుండా పుట్టినరోజేమిటని ఊరుకోలేక లలిత ఆ తర్వాతి ఆదివారం నలుగుర్ని భోజనానికి పిలిచింది. నెనా మూటగట్టి ఇచ్చిన ములక్కాయల్ని మా పెట్టెలు చూసినవాళ్ళు హొనొలులులోనే ఉంచేసుకున్నారు. అంచేత షాపు కాయలతోనే సాంబారు. పెరుగన్నాలప్పుడు నేను అందుకున్నాను. నీళ్ళలో తల ముంచిన దగ్గర్నించి మొదలుపెట్టి, మూలుగు ఎలా ఉంటుందో గొంతుతో చేసి చూపించి, చివరికి కిమో చెప్పిన రహస్యం కూడా చెప్పాను.

"పాడేవి మగవేనటండీ. ఆడవి నోరెత్తవట. చిన్నదే పాట, అదే మళ్ళీ మళ్ళీ, గంటల తరబడి పాడతాయట. ఎవరైనా వింటున్నారా లేదా అని కూడా చూడవట!"

ఆ మాట చాలా బాగుందనిపించి రెండోసారి కూడా చెప్పాను. మూడోసారి చెప్పబోతుంటే, పక్కన కూర్చుని పెరుగన్నం కలుపుకుంటున్న జానూ తలెత్తకుండానే అంది:

"కానీ నాన్నా, వేల్ గాలి కోసమైనా మధ్యలో ఆపుతుంది."